20 లక్షల మంది వస్తున్నారు, డేటాబేస్ మార్చాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం నలుగురు స్నేహితులం కలిసి పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం ఒక ఆన్‌లైన్ టెస్టుల యాప్ నడుపుతున్నాం. ఇప్పటికి 60 వేల మంది ఉన్నారు. ప్రతి ఆదివారం 9 గంటల నుంచి 11 దాకా 100 ప్రశ్నల లైవ్ టెస్ట్ పెడతాం. దాదాపు 6 వేల మంది ఒకేసారి రాస్తారు. మాది మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేస్, ఒకటే సర్వర్. నెట్ పోయినప్పుడు జవాబులు పోతున్నాయని ఫిర్యాదులు రావడంతో ఆరు వారాల కిందట ఆటోసేవ్ పెట్టాం. అప్పటి నుంచి టెస్ట్ మధ్యలో హ్యాంగ్ అవుతోంది. 11 దాటాక అందరూ ర్యాంకు చూసుకుంటుంటే సైట్ పూర్తిగా పడిపోతోంది. ఇప్పుడు ఒక పెద్ద సంస్థతో ఒప్పందం కుదిరింది. మూడు నెలల్లో 20 లక్షల మంది విద్యార్థులు చేరతారు. లైవ్ టెస్ట్ 2 లక్షల మంది రాస్తారని అంచనా. మాలో ఒకరు మాంగోడీబీ అనే ఇంకో డేటాబేస్‌కు మారదామంటారు, ఇంకొకరు కసాండ్రా అంటారు. మేం మాట్లాడిన సలహాదారు డేటాను చాలా మెషీన్లకు పంచే డిస్ట్రిబ్యూటెడ్ ఎస్‌క్యూఎల్ తప్ప మార్గం లేదంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. టేబుళ్ల వివరాలు, ఆటోసేవ్ కోడ్, ర్యాంకు క్వెరీ (ర్యాంకు కోసం డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), సర్వర్ సెట్టింగులు, ఎర్రర్ లాగ్ జత చేస్తున్నాం. ఏది ఎంచుకోమంటారు?

సమాధానం: డేటాబేస్ ఎంపిక గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక పని చేయండి. మీ జవాబుల టేబుల్‌లో ఐడీ (ప్రతి కొత్త రికార్డుకూ డేటాబేస్ దానంతటదే ఇచ్చే వరస సంఖ్య) ఇప్పుడు ఏ అంకె దగ్గర ఉందో చూడండి.

ఎందుకంటే, మీరు పంపిన కోడ్ ప్రకారం ఆటోసేవ్ 10 సెకన్లకోసారి ఆ విద్యార్థి పాత జవాబులన్నీ డిలీట్ చేసి, అన్నిటినీ మళ్లీ ఇన్సర్ట్ చేస్తోంది, అంటే కొత్త రికార్డులుగా చేరుస్తోంది. రెండు గంటల్లో ఒక్కొక్కరికి 720 సార్లు. మొదట్లో రెండు మూడు జవాబులే ఉంటాయి, చివరికి 100 ఉంటాయి కాబట్టి సగటున 50 అనుకుందాం. అంటే ఒక విద్యార్థి ఒక టెస్టులో 36 వేల ఐడీలు ఖర్చు చేస్తున్నట్టు. 6 వేల మందికి 21 కోట్ల 60 లక్షలు. డిలీట్ చేసిన రికార్డుల ఐడీలు తిరిగి రావు, కౌంటర్ ముందుకే పోతుంది. మీ ఐడీ మామూలు ‘ఇంట్’ రకం పూర్ణాంకం. దాని గరిష్ఠం 214,74,83,647. ఆరు ఆదివారాలకు దాదాపు 130 కోట్లు అయిపోయి ఉంటాయి. హ్యాంగ్ అయినప్పుడు ఆగిపోయిన సేవ్‌లు తీసేస్తే అంకె కొంత తగ్గొచ్చు గానీ, ఇంకో నాలుగు వారాల్లో గోడకు గుద్దుకుంటారు. ఆ క్షణం నుంచి ఒక్క కొత్త జవాబు కూడా టేబుల్‌లోకి వెళ్లదు, ప్రతి ఇన్సర్ట్‌కీ డూప్లికేట్ కీ (ఈ ఐడీ ఇప్పటికే ఉంది) అని ఎర్రర్ వస్తుంది. అది సరిగ్గా టెస్ట్ మధ్యలో జరుగుతుంది, ఎందుకంటే ఐడీలు ఖర్చయ్యేది అప్పుడే.

తాత్కాలికంగా ఆ కాలమ్‌ను ఇంకా పెద్ద అంకెలు పట్టే బిగ్‌ఇంట్‌గా మార్చండి. ఐడీలు కోట్లలో ఉన్నా, ప్రతిసారీ డిలీట్ చేస్తున్నారు కాబట్టి టేబుల్‌లో మిగిలిన రికార్డులు తక్కువే. మార్చడం త్వరగానే అయిపోతుంది. మార్చేంతసేపు ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి కనుక టెస్ట్ లేని రోజు రాత్రి, బ్యాకప్ తీసుకున్నాకే చేయండి. శాశ్వత పరిష్కారం కింద చెబుతాను, అందులో ఆ ఐడీ కాలమే ఉండదు.

ఇక మీరు అడిగినదానికి నా జవాబు: మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండండి. 20 లక్షల మంది వచ్చినా ఉండండి.

20 లక్షలు అనగానే గుండె జారడం సహజం. కానీ ఎంతమంది ఖాతా తెరిచారన్నది డేటాబేస్‌కు పెద్ద విషయం కాదు. ఒక విద్యార్థి పేరు, ఫోన్, పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చినది), ఇతర వివరాలు అన్నీ కలిపి ఒక కిలోబైట్ వేసుకున్నా, 20 లక్షల మందికి 2 జీబీ. అది ఒక మామూలు సర్వర్ మెమరీలో మూలన సర్దుకుంటుంది. ఆ 2 జీబీలో ఒక మనిషిని వెతకడమూ కష్టం కాదు. ఇండెక్స్ అంటే పుస్తకం చివర ఉండే సూచిక లాంటిది. మెట్లుగా పేర్చిన దాని బీ-ట్రీలో ఒక్కో పేజీకి (డేటాబేస్ ఒకసారికి చదివే ముక్కకు) 300 కీలు పట్టాయనుకుంటే మూడు మెట్లలో 2 కోట్ల 70 లక్షల రికార్డులు వస్తాయి, నాలుగు మెట్లలో 810 కోట్లు. 60 వేల నుంచి 20 లక్షలకు వెళ్తే ఆ వెతుకులాటలో మహా అయితే ఒక మెట్టు పెరుగుతుంది. సిస్టమ్‌ను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది వేరే ఉంది. రద్దీ ఎక్కువగా ఉన్న ఒక్క సెకనులో డేటాబేస్ నుంచి ఎన్ని చదువులు, దానిలోకి ఎన్ని రాతలు? అందులో ఏది ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడదు? మీ విషయంలో రెండో ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉంది. పరీక్ష రాసిన పిల్లవాడి జవాబు పోకూడదు, మార్కు మారకూడదు. ఇలాంటి పనిలో ట్రాన్సాక్షన్లు (పని మొత్తం జరగాలి, లేదా ఏదీ జరగకూడదు), కన్‌స్ట్రెయింట్లు (తప్పు డేటాను రానివ్వని నియమాలు) ఉన్న రిలేషనల్, అంటే టేబుళ్ల రూపంలో ఉండే డేటాబేస్‌నే నేను నమ్ముతాను. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ 1970లో రాసిన పేపర్‌తో మొదలైన పద్ధతి ఇది, ఇన్నేళ్లుగా లెక్క తప్పకూడని చోట్ల నలిగింది.

మొదటి ప్రశ్నకు అంకెలు వేద్దాం. మీ కష్టం బయటపడేది ఇక్కడే.

ఇప్పుడు 6 వేల మంది 10 సెకన్లకోసారి సేవ్ చేస్తున్నారు, అంటే సెకనుకు 600 సేవ్‌లు. ఒక్కో సేవ్‌లో సగటున 50 డిలీట్‌లు, 50 ఇన్సర్ట్‌లు. సెకనుకు 60 వేల రికార్డుల మార్పు. చివరి పదినిమిషాల్లో అది లక్షా 20 వేలకు చేరుతుంది. విద్యార్థి ఏమీ మార్చకుండా ప్రశ్న చదువుతూ కూర్చున్నా ఇది ఆగదు. పైగా ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగం) డిలీట్ అంటే వెంటనే చెరిపేయడం కాదు, ముందు గుర్తు పెట్టి ఉంచుతుంది, వెనకాల పర్జ్ అనే పని వచ్చి శుభ్రం చేస్తుంది. మీ వేగానికి ఆ శుభ్రం చేసే పని వెనకబడిపోతుంది. ఒకరి డిలీట్ పట్టుకున్న గ్యాప్ లాక్ (రికార్డుల మధ్య ఖాళీకి వేసే తాళం) పక్కవాళ్ల ఇన్సర్ట్‌ను ఆపుతుంది, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగి ఎవరూ కదలని డెడ్‌లాక్‌లు వస్తాయి. మీ ఎర్రర్ లాగ్‌లో కనిపిస్తున్న ‘డెడ్‌లాక్’ అనే మాటకు కారణం ఇదే అయ్యుంటుంది.

ఇదే కోడ్‌తో 2 లక్షల మంది వస్తే? సెకనుకు 20 వేల సేవ్‌లు, సగటున 20 లక్షల రికార్డుల మార్పు. కసాండ్రా తెచ్చినా, డిస్ట్రిబ్యూటెడ్ ఎస్‌క్యూఎల్ తెచ్చినా ఈ పని చేయించాలంటే మెషీన్ల వరస పెట్టాలి. చేయించాల్సిన అవసరమే లేని పని కోసం. కసాండ్రాలో అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడ ప్రతి డిలీట్ టూంబ్‌స్టోన్ అనే గుర్తును మిగిల్చి పోతుంది, అవి పేరుకుంటే చదవడం నెమ్మదిస్తుంది. ఈ కోడ్‌ను అలాగే అక్కడికి తీసుకెళ్తే ఇక్కడికంటే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇప్పుడు అదే పనిని ఇంకోలా చూడండి. విద్యార్థి ఒక ఆప్షన్ నొక్కినప్పుడు ఆ ఒక్క జవాబే పంపండి. 2 లక్షల మంది, తలా 100 ప్రశ్నలు, 2 కోట్ల రాతలు. 7,200 సెకన్లకు పంచితే సెకనుకు దాదాపు 2,800. కొందరు జవాబులు మారుస్తారు, మధ్యమధ్య రద్దీ పెరుగుతుంది, కాబట్టి 6 వేలు అనుకోండి. మంచి ఎస్‌ఎస్‌డీ, సరిపడా మెమరీ ఉన్న ఒక మైఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఇంత చిన్న రాతలు సెకనుకు 6 వేలు మోయడం సాధ్యమైన పనే. మీ 20 లక్షల మార్పులు 6 వేలకు దిగాయి. డేటాబేస్ పేరు మార్చలేదు.

దానికి టేబుల్‌ను ఇలా మార్చండి. ఐడీ కాలమ్ తీసేసి టెస్ట్, విద్యార్థి, ప్రశ్న ఈ మూడూ కలిపి ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే కీ) చేయండి. జవాబు వస్తే, రికార్డు లేకపోతే ఇన్సర్ట్, ఉంటే అప్‌డేట్, ఒకే స్టేట్‌మెంట్‌లో. ఇన్నోడీబీ రికార్డులను ప్రైమరీ కీ వరసలోనే పేరుస్తుంది కాబట్టి ఒక విద్యార్థి 100 జవాబులు పక్కపక్కనే ఉంటాయి, మార్కులు లెక్కవేసేటప్పుడు ఒకటి రెండు పేజీలు చదివితే చాలు. ఒకే జవాబు నెట్‌వర్క్ తడబాటు వల్ల రెండుసార్లు వచ్చినా రెండు రికార్డులు అవ్వవు. అయితే ఆలస్యంగా వచ్చిన పాత జవాబు కొత్తదాన్ని చెరిపేయకుండా, ఫోన్ పంపే ప్రతి మార్పుకూ ఒక వరస సంఖ్య పెట్టి, పెద్ద సంఖ్య ఉన్నదే నిలిచేలా చూసుకోండి. నెట్ పోతే జవాబు ఫోన్‌లోనే దాచి, నెట్ రాగానే పంపాలి. మీ ఆటోసేవ్ ఉద్దేశం మంచిది. 97వ ప్రశ్న దగ్గర తెర ఆగిపోయిన పిల్లవాడి పరిస్థితి తలుచుకునే మీరు ఆ పని చేశారు. దారి మాత్రమే మార్చాలి.

9 గంటల నిమిషం గురించి ఒక మాట. 2 లక్షల మంది ఒకే నిమిషంలో ప్రశ్నపత్రం అడుగుతారు. సెకనుకు 3,300 సార్లు అదే పత్రం. ఇది అందరికీ ఒకటే కదా, దీనికోసం డేటాబేస్ తలుపు తట్టనే వద్దు. పత్రాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసి) సీడీఎన్‌లో, అంటే ఫైళ్లను వాడేవాళ్లకు దగ్గరలో ఉంచే సర్వర్లలో ముందే పెట్టండి, 8:30 నుంచి ఫోన్లు తీసుకుంటాయి, 9కి చిన్న తాళంచెవి మాత్రం పంపండి. లాగిన్ కూడా గంట ముందు నుంచే తెరవండి. పాస్‌వర్డ్ హ్యాష్ సరిచూడడం కావాలనే బరువుగా చేసిన పని, అది అందరికీ ఒకేసారి పడితే డేటాబేస్ కంటే ముందు మీ యాప్ సర్వర్లే చతికిలపడతాయి.

11 గంటలకు వస్తే, సైట్ పడిపోవడానికి కారణం మీ ర్యాంకు క్వెరీలో ఉంది. ఒక విద్యార్థి ర్యాంకు పేజీ తెరవగానే ‘ఈ టెస్టులో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఎంతమంది’ అని లెక్కపెడుతున్నారు. ఫలితాల టేబుల్‌లో 15 లక్షల రికార్డులున్నాయని రాశారు, టెస్ట్ మీద గానీ మార్కుల మీద గానీ ఇండెక్స్ లేదు. అంటే ప్రతి ఒక్కరి ర్యాంకుకూ 15 లక్షల రికార్డులు మొదటి నుంచి చివరిదాకా చదవాలి. 6 వేల మంది చూస్తే 900 కోట్ల రికార్డులు. ఒకరే రెండు మూడుసార్లు రిఫ్రెష్ కొడతారు, అది వేరే.

టెస్ట్, మార్కులు కలిపి ఒక ఇండెక్స్ పెడితే ఈ ఆదివారమే తేడా కనిపిస్తుంది. అప్పుడు ఒకరి ర్యాంకుకు సగటున 3 వేల ఎంట్రీలు చూస్తే చాలు. కానీ 2 లక్షల మందికి ఇది నిలవదు. సగటున లక్ష ఎంట్రీలు, 2 లక్షల సార్లు, మొత్తం 2 వేల కోట్లు. కాబట్టి ర్యాంకును అడిగినప్పుడల్లా లెక్కపెట్టడం మానేయండి. టెస్ట్ ముగిశాక ఒక్కసారి అందరి మార్కులూ వరసపెట్టి ర్యాంకు వేసి టేబుల్‌లో రాసేయండి. 2 లక్షల రికార్డులను వరసపెట్టడం సెకన్ల పని. ఆ తర్వాత ర్యాంకు చూడడమంటే ప్రైమరీ కీతో ఒక రికార్డు తెచ్చుకోవడమే. ‘ఫలితాలు 11:15కి’ అని ముందే చెప్పండి, పిల్లలు ఆ పావుగంట ఆగుతారు, తెరవగానే వచ్చే పేజీ కోసం.

సబ్మిట్ కూడా తేలిక చేయొచ్చు. జవాబులు ఎప్పటికప్పుడు చేరుతున్నాయి కాబట్టి 11కి అందరి ఫోన్లూ ఒకే సెకనులో మొత్తం పత్రం పంపాల్సిన పని లేదు. గడువు సర్వర్ గడియారం చూసుకుంటుంది.

ఇవన్నీ నేను మీ కోడ్ చదివి చెప్పాను. మీకు మీరే పట్టుకోవాలంటే స్లో క్వెరీ లాగ్ (నెమ్మదిగా నడిచిన క్వెరీల చిట్టా) ఆన్ చేయండి. మైఎస్‌క్యూఎల్‌లో అది మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా 10 సెకన్లు దాటినవే రాస్తుంది. 10 సెకన్లంటే సైట్ ఎప్పుడో పడిపోయి ఉంటుంది. దాన్ని అర సెకనుకు తగ్గించండి. పట్టుబడిన ప్రతి క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని పెట్టి నడిపి, ఎన్ని రికార్డులు చదువుతోందో చూడండి. ఇది అసలు డేటా ఉన్న చోటే చేయాలి. ల్యాప్‌టాప్‌లో వెయ్యి రికార్డుల మీద ఏ క్వెరీ అయినా పరుగెడుతుంది.

కనెక్షన్ల గురించి మీరు రాసింది చదివి కొంచెం కంగారు పడ్డాను. హ్యాంగ్ అవుతోందని గరిష్ఠ కనెక్షన్లను 151 నుంచి 3 వేలకు పెంచామన్నారు. దయచేసి వెనక్కి తగ్గించండి. సెకనుకు 2,800 రాతలు, ఒక్కోటి 5 మిల్లీసెకన్లు పడితే, ఒక క్షణంలో పనిలో ఉండే కనెక్షన్లు 14 మాత్రమే. రద్దీకి నాలుగైదు రెట్లు వేసుకున్నా 70. యాప్ సర్వర్లన్నిటికీ కలిపి వంద లోపు కనెక్షన్ల పూల్ (అందరూ పంచుకునే గుంపు) పెట్టి, మిగిలిన రిక్వెస్టులు పూల్ బయట వేచి ఉండేలా చేయండి. 3 వేల కనెక్షన్లు ఒకేసారి లోపలికొస్తే 16 కోర్ల మెషీన్‌లో అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి తప్ప పని ముందుకు సాగదు.

ఇక మీ మిత్రులు చెప్పిన పేర్లు. వాళ్లది తప్పు ఆలోచన అనను, ఒక్కోదానికీ తన చోటు ఉంది.

మాంగోడీబీ: ప్రశ్నల రూపం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, బొమ్మలున్నవి, జతపరిచేవి, పేరాగ్రాఫ్ ఇచ్చి అడిగేవి. డాక్యుమెంట్ రూపంలో అవి హాయిగా ఇముడుతాయి, నిజమే. మాంగోడీబీలో 2018 నుంచి ఒకటికంటే ఎక్కువ డాక్యుమెంట్ల మీద ట్రాన్సాక్షన్లు కూడా ఉన్నాయి. కానీ మైఎస్‌క్యూఎల్‌లోనూ 5.7 నుంచే జేసన్ కాలమ్ (డాక్యుమెంట్ రూపంలోని డేటా పట్టే కాలమ్) ఉంది. ప్రశ్న శరీరాన్ని అందులో పెట్టండి. ఆ ఒక్క సౌకర్యం కోసం ఇల్లు మారనక్కర్లేదు.

కసాండ్రా: రాతలు ఆగకుండా వచ్చిపడే చోట, డేటా ఒక మెషీన్‌లో పట్టని చోట బలమైనది. చాటింగ్ యాప్ డిస్కార్డ్ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. వాళ్లు 2015లో మాంగోడీబీతో మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరుకు మెసేజ్‌లు 10 కోట్లు దాటాయి, డేటా, ఇండెక్స్ మెమరీలో పట్టక వేగం నిలకడ తప్పింది. కసాండ్రాకు మారారు. 2022 నాటికి అది 177 నోడ్లకు (మెషీన్లకు) పెరిగింది, నడపడం భారమై సిల్లాడీబీ అనే ఇంకో డేటాబేస్‌కు మారి 72 నోడ్లకు తగ్గించుకున్నారు. అప్పటికి మెసేజ్‌లు లక్షల కోట్లలో ఉన్నాయి. వాళ్ల ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ‘ఈ ఛానెల్‌లో చివరి మెసేజ్‌లు ఇవ్వు’. మీకు అలా కాదు. ఈ వారం ర్యాంకు కావాలి, వచ్చే వారం ఏ చాప్టర్లో ఎక్కువమంది తప్పారో కావాలి, ఆ పైవారం ఆ సంస్థవాళ్లు బ్యాచ్‌ల వారీగా పోలిక అడుగుతారు.

ఇది నేను చూసి చెబుతున్న మాట. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ‘రేపు ఎంతమంది వస్తారో’ అన్న భయంతోనే ఇలాంటి సిస్టమ్‌కు మారాం. అక్కడ ముందు క్వెరీ నిర్ణయించుకుని దాని ప్రకారం టేబుల్ కట్టాలి. కొత్త రిపోర్ట్ అడిగిన ప్రతిసారీ అదే డేటాకు ఇంకో టేబుల్ కాపీ పెట్టాం. కొన్నాళ్లకు ఒకే కస్టమర్ చిరునామా మూడు టేబుళ్లలో మూడు రకాలుగా ఉంది. పాత చిరునామాకు పార్సిల్ వెళ్లిన ఒక పెద్దావిడ ఫోన్ చేసి, ‘మార్చానమ్మా, మీరే మారిందని మెసేజ్ పెట్టారు’ అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మార్చిన టేబుల్ ఒకటి, చదివిన టేబుల్ ఇంకొకటి. ఆ రోజు నుంచి నాకు వేగం కంటే ముందు ‘నిజం ఒక్కచోటే ఉందా’ అని చూడడం అలవాటైంది. భయపడినంతమంది కస్టమర్లు అక్కడికి రానే లేదు.

డిస్ట్రిబ్యూటెడ్ ఎస్‌క్యూఎల్: గూగుల్ 2012లో స్పానర్ అనే తన డేటాబేస్ గురించి ప్రచురించాక ఈ దారి తెరుచుకుంది. కాక్రోచ్‌డీబీ, యుగబైట్, టైడీబీ ఈ కోవలోవి. ట్రాన్సాక్షన్లు వదులుకోకుండా డేటాను చాలా మెషీన్లకు పంచుతాయి. గొప్ప ఇంజినీరింగ్. కానీ ప్రతి కమిట్‌కూ (రాతను ఖాయం చేయడానికి) కాపీలలో ఎక్కువ భాగం ‘సరే’ అనాలి, ఆ నెట్‌వర్క్ ప్రయాణం ప్రతి రాతకూ తోడవుతుంది. నడపడానికి తెలిసిన మనిషి కావాలి. మీ నలుగురిలో డేటాబేస్ ఒక్కటే చూసుకునేవాళ్లు లేరు. మీ రాతలు ఒక మెషీన్ మోయలేనంతగా పెరిగిన రోజున ఈ దారి చూడండి. టైడీబీ మైఎస్‌క్యూఎల్ భాషే మాట్లాడుతుంది, యూట్యూబ్‌లో 2010లో మొదలైన విటెస్ మైఎస్‌క్యూఎల్ సర్వర్లనే షార్డులుగా, అంటే తలా ఒక ముక్క డేటాతో పంచి నడుపుతుంది. అంటే ఇప్పుడు మీరున్న చోటు నుంచి ముందుకు దారి మూసుకుపోలేదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ మైఎస్‌క్యూఎల్ 8.0కు మారినప్పుడు వాళ్ల దగ్గర 1,200కు పైగా మైఎస్‌క్యూఎల్ సర్వర్లు ఉన్నాయి, సెకనుకు 55 లక్షల క్వెరీలు.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో రిలేషనల్ డేటాబేస్ గురించి మీరు అడగలేదు గానీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే నేను దాన్నే చెబుతాను. మీరు మాత్రం మూడు నెలల గడువులో దానికీ మారొద్దు.

ఎప్పటికైనా డేటాను మెషీన్లకు పంచాల్సి వస్తే ఏ కీ మీద పంచుతారో మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. టెస్ట్ ఐడీ మీద పంచాలనిపిస్తుంది, ఎందుకంటే ర్యాంకు టెస్ట్ లోపలే కదా. అలా చేస్తే ఆదివారం 2 లక్షల మందీ ఒకే మెషీన్ మీద పడతారు, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. విద్యార్థి ఐడీ మీద పంచితే రద్దీ సమానంగా విడిపోతుంది, ర్యాంకు ఎలాగూ చివర్లో ఒక్కసారే వేస్తారు. ప్రతి టేబుల్‌లో విద్యార్థి ఐడీ ఉండేలా చూసుకోండి, చాలు. నోట్స్ యాప్ నోషన్ 2021లో పోస్ట్‌గ్రెస్‌ను పంచినప్పుడు 32 డేటాబేస్‌ల మీద 480 లాజికల్ షార్డులు పెట్టింది, తర్వాత మెషీన్లు పెంచినా లెక్క కుదిరేలా. అంత ముందుచూపు మీకు ఇప్పుడే అక్కర్లేదు.

రిపోర్టుల కోసం ఒక రీడ్ రెప్లికా (అసలు సర్వర్‌ను అనుసరిస్తూ, చదవడానికి వాడే కాపీ సర్వర్) పెట్టండి. ఒక్క జాగ్రత్త: రెప్లికా కొంచెం వెనకగా ఉంటుంది. ‘మీ టెస్ట్ సబ్మిట్ అయింది’ అన్న పేజీని రెప్లికా నుంచి చదివితే, సబ్మిట్ చేసిన విద్యార్థికే ‘మీరు సబ్మిట్ చేయలేదు’ అని చూపించే ప్రమాదముంది. పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు అంతకంటే పెద్ద షాక్ ఉండదు. తను చేసిన పని తనకు చూపించేటప్పుడు ఎప్పుడూ అసలు సర్వర్ నుంచే చదవండి.

రెప్లికా ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు. పొరపాటున టేబుల్ డ్రాప్ చేస్తే, అంటే మొత్తంగా తీసేస్తే క్షణాల్లో రెప్లికాలోనూ పోతుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ నిల్వ సంస్థలో ఒక ఇంజినీర్ అలసటలో వేరే సర్వర్ అనుకుని అసలు సర్వర్ డేటా ఫోల్డర్ డిలీట్ చేశారు. ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లు ఉండి, అవసరమైన ఆ రాత్రి ఒక్కటీ సరిగా పనిచేయలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికి దాని నుంచి కోలుకున్నారు. జరిగిందంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు కాబట్టి మనందరం నేర్చుకోగలిగాం. నెలకోసారి మీ బ్యాకప్‌ను ఇంకో మెషీన్‌లో రీస్టోర్ చేసి, గడియారం పెట్టి ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

సొంత సర్వర్ కంటే, క్లౌడ్ సంస్థలే నడిపిపెట్టే మేనేజ్డ్ సర్వీస్ తీసుకోండి. డబ్బు కొంత ఎక్కువైనా బ్యాకప్, ఫెయిలోవర్ (ఒక సర్వర్ పడితే ఇంకోటి ఆ స్థానంలోకి రావడం) బాధ్యత చాలావరకు వాళ్లు చూసుకుంటారు. మీ సమయం టెస్టుల మీద పెట్టొచ్చు. 5.7కు సపోర్ట్ 2023 అక్టోబరులోనే ఆగిపోయింది కాబట్టి 8.4కు వెళ్లండి. నేరుగా వెళ్లలేరు, మధ్యలో 8.0 మీదుగా వెళ్లాలి. ర్యాంకు వేయడానికి కావాల్సిన విండో ఫంక్షన్లు (రికార్డులను వరసపెట్టి స్థానం లెక్కించే సౌకర్యం) 8.0 నుంచే ఉన్నాయి. పాత టేబుళ్లలో క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్8 అని ఉంటే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చండి. పాతది ఒక అక్షరానికి మూడు బైట్ల దాకానే దాస్తుంది. తెలుగు అక్షరాలు మూడు బైట్లలో పట్టేస్తాయి కాబట్టి ఇన్నాళ్లూ తేడా తెలిసి ఉండదు, నాలుగు బైట్ల ఎమోజీ వచ్చినప్పుడే తంటా.

మూడు నెలలు సరిపోతాయి. మొదటి వారం ఐడీ, ఇండెక్స్, స్లో లాగ్. తర్వాత నాలుగు వారాలు జవాబుల టేబుల్, ఆటోసేవ్, ర్యాంకు. తర్వాత వెర్షన్ మార్పు. చివరి నెల పూర్తిగా లోడ్ టెస్టుకు ఉంచండి. జేమీటర్ గానీ కే6 గానీ, ఇలాంటి లోడ్ టెస్ట్ సాధనం తీసుకుని, 2 లక్షల నకిలీ విద్యార్థులతో 9 నుంచి 11 దాకా అసలు టెస్ట్ ఎలా జరుగుతుందో అలాగే నడపండి. అందరూ లోపలికి రావడం, సగంలో కొందరి నెట్ పోయి తిరిగి రావడం, చివర్లో ర్యాంకు పేజీ రిఫ్రెష్ కొట్టడం, అన్నీ ఉండాలి. మధ్యలో కావాలనే అసలు సర్వర్‌ను ఆపి, రెప్లికా ఎంతసేపటికి ఆ స్థానంలోకి వచ్చిందో, ఎన్ని జవాబులు పోయాయో లెక్కపెట్టండి. ఒక్క జవాబు పోయినా మళ్లీ మొదటి నుంచి చూడండి.

ఆ సంస్థవాళ్లతో మాట్లాడి మొదటి ఆదివారం 20 వేల మందినే పిలవండి, రెండో ఆదివారం 60 వేలు, ఆ తర్వాత మొత్తం. కారణం దాచకుండా చెప్పండి, ఒప్పుకుంటారు. మొదటి ఆదివారం అయ్యాక ఆ అంకెలు, స్లో లాగ్ నాకు పంపండి, కలిసి చూద్దాం. ఈలోగా ఆ ఐడీ మాత్రం ఈ రాత్రే చూసుకోండి.